తప్పు దిద్దుట, నవ్వులపాలు చేయుట

పఠనభాగము: అపొస్తలుల కార్యములు 18:24–28

ఎఫెసు సమాజమందిరములో అపొల్లో ధైర్యముగా మాటలాడుచుండెను. లేఖనములయందు ప్రవీణుడే గాని, యోహాను బాప్తిస్మము మట్టుకే ఎరిగినవాడు. వినినవారిలో డేరాలు కుట్టి బ్రదుకు అకుల, ప్రిస్కిల్ల అను దంపతులుండిరి. వారు పదిమందిలో లేచి ఆయన లోపమును ఎత్తిచూపలేదు. అట్లని విడిచిపెట్టనూ లేదు. ఆయనను చేర్చుకొని మరింత పూర్తిగా విశదపరచిరి. తరువాత అకయలోని విశ్వాసులకు ఆయన ఎంత సహాయకుడాయెనో చదువుడి.

మన బడులలో లెక్క తప్పిన పిల్లవానిని నల్లబల్ల యొద్ద నిలిపి తరగతియంతటిచేత నవ్వించు అలవాటు ఇంకను ఉన్నది. ఆ దినమున పెట్టిన పేరు బడిగంటతో పోదు. మరునాటి ఉదయము వానికి కడుపునొప్పి వచ్చును!

ఏబదిరెండులో ముప్పదియెనిమిది తీసివేయమనగా ఒకడు 26 అని వ్రాసెననుకొందము. ఎనిమిదిలో రెండు, అయిదులో మూడు తీసినాడు. వాడు మొద్దు కాడు. పదుల స్థానమునుండి అప్పు తెచ్చుట యొక్కటే వానికి రాలేదు. “ఎట్లు చేసితివి?” అని అడిగిన ఉపాధ్యాయునికి ఇది తెలియును. నవ్విన ఉపాధ్యాయునికి తెలియదు. సిగ్గుపడితేనే బుద్ధి వచ్చునని కొందరందురు. సిగ్గుపడినవాడు ప్రక్కవాని పలక చూచి వ్రాయును. అంతటితో తప్పు దాగును, దిద్దు దారి మూసికొనును.

భాష విషయము మరింత బాధాకరము. “సారు వచ్చిండు” అన్నందుకు నవ్వులపాలైన పిల్లలు తెలంగాణములో ఎందరో. కాళోజీ జన్మదినమైన సెప్టెంబరు 9ని తెలంగాణ భాషా దినోత్సవముగా జరుపుకొనుచున్నాము గాని, ఇంటిమాటను ఎగతాళి చేయు నాలుక ఇంకను పూర్తిగా మానలేదు. సింగరేణి వారి విద్యుత్కేంద్రమున్న జైపూరు వంటి చోటికి పలు ప్రాంతములవారు, పలు యాసలవారు వత్తురు. మన పాత ఆదిలాబాదు జిల్లాలోనే, మార్లవాయిలో 1943లో హైమన్‌డార్ఫ్ పూనికతో గోండు ఉపాధ్యాయులకు శిక్షణ మొదలుపెట్టి, గోండీలోనే వాచకములు సిద్ధపరచిరి. పిల్లవాడు నోరు తెరచుటయే తప్పు కాని బడి అది.

పౌలు అంతియొకయలో కేఫాను అందరియెదుట గద్దింపలేదా అని అడుగవచ్చును. గద్దించెను. కేఫా పెద్ద, తెలిసియు వెనుదీసి ఇతరులను త్రోవ తప్పించెను. తెలియని పిల్లవాని సంగతి అది కాదు.

2009 విద్యాహక్కు చట్టము 17వ సెక్షను కొట్టుటనే గాక మానసికముగా వేధించుటను కూడ నిషేధించినది. అయినను, బిడ్డ ఏడ్చుచు వచ్చిన వెంటనే తండ్రి తరగతిలోనికి పోయి ఉపాధ్యాయునిపై కేకలు వేయుట తగదు. మత్తయి 18వ అధ్యాయములో ప్రభువు చూపిన క్రమము ఇక్కడను చెల్లును: బడి విడిచిన పిమ్మట ఒంటరిగా కలిసికొనుడి. ఒక్క గదిలో రెండు మూడు తరగతులు నడుపు ఆయన అలసటయు వినుడి. అప్పటికిని ఆగనియెడల ప్రధానోపాధ్యాయునికి వ్రాసి ఇయ్యుడి. ఊరిలో మాత్రము బిడ్డ పేరు ఎత్తకుడి.