బరాత్ గుర్రానికి ముళ్లతీగ చీరితే

ప్రశ్న: బరాత్‌లో పటాకుల చప్పుడుకు బెదిరి మా గుర్రం ముళ్లకంచెలో పడ్డది. కనురెప్ప చీలి వేలాడుతోంది, మెడ కింద లోతు గాయం. పసుపు, కిరసనాయిలు పెట్టమంటున్నరు. ఏం చెయ్యాలె? – ఒక పాఠకుడు, కోరుట్ల

జవాబు: కిరసనాయిలు అసలు వద్దు, మాంసం కాలిపోతుంది. పసుపు కూడా ఇప్పుడు వద్దు. పూస్తే కుట్లు వేసే డాక్టరుకు గాయం లోతు కనబడదు.

ముందు మెడ చూడండి. అక్కడ పెద్ద సిర, గాలిగొట్టం, అన్నవాహిక పక్కపక్కనే ఉంటాయి. రక్తం కారుతుంటే ఉతికిన గుడ్డ మడిచి పది నిమిషాలు గట్టిగా అదమండి. మధ్యలో ఎత్తి చూడొద్దు, మెడ చుట్టూ బిగించి కట్టొద్దు. తాగిన నీళ్లు గాయంలోంచి కారినా, గాయం బుస్సుమన్నా, పక్క చర్మం నొక్కితే అప్పడంలా కరకరలాడినా గంట కూడా ఆగకండి.

వేలాడే రెప్పను ఎవరు చెప్పినా కోయనివ్వకండి. తలకు రక్తప్రసరణ ఎక్కువ, చచ్చిందనుకున్న ముక్క కూడా కుడితే అతుక్కుంటుంది. రెప్ప లేకుంటే కన్ను ఎండి పాడవుతుంది. లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో 9 గ్రాముల ఉప్పు కలిపి మెల్లగా కడగండి.

నా అసలు భయం ధనుర్వాతం. పశువులన్నిటిలో గుర్రానికే అది తొందరగా సోకుతుంది. చెవులు బిగుసుకోవడం, తోక లేచి నిలవడం, కంటి మూలన తెల్లపొర తళుక్కుమనడం దాని గుర్తులు. అవి కనబడేదాకా ఆగకుండా ఇవాళే ఇంజెక్షన్ వేయించండి. మీ కోరుట్లలోనే పశువైద్య కళాశాల ఉంది. కళ్లెం తీసేసి, మెత్తటి తాడుతో తీసుకెళ్లండి.