మొగల్తూరు నుంచి బినాలేకు: చిత్రకళ మాస్టారు ఎలా వెళ్లాలి?

యూనివర్సిటీలో చిత్రకళ పాఠాలు చెప్పుకుంటూ, సెలవులకు మొగల్తూరు వచ్చి ఇంట్లో సొంత బొమ్మలు వేసుకునే మాస్టార్ల కోసం ఇది. రాజమండ్రి దామెర్ల రామారావు చిత్రాలు 1924లోనే లండన్ వెంబ్లీ ప్రదర్శనకు వెళ్లాయి. పాఠాలు చెప్పేవాళ్లకు కుదురుతుందా అంటారా? బరోడాలో ఏళ్ల తరబడి బోధించిన గులాం మొహమ్మద్ షేక్ 2014లో కొచ్చి బినాలే కళా ప్రదర్శనలో పాల్గొన్నారు. శాంతినికేతన్ కళాభవన్‌ను నడిపిన నందలాల్ బోస్ హరిపుర కాంగ్రెస్ మహాసభల కోసం వేసిన బొమ్మలను 2019లో వెనిస్ బినాలేలో మన దేశ పెవిలియన్‌లో పెట్టారు.

1. ముందు ఎక్కడికి పంపాలో తేల్చుకోండి. కొచ్చిలో 2012లో మొదలైన బినాలే ముఖ్య ప్రదర్శనకు దరఖాస్తుతో పని జరగదు, క్యురేటర్ పిలవాలి. కాబట్టి మీ పని నలుగురి కంట పడేలా ఊళ్లలో, నగరాల్లో చూపిస్తూ ఉండండి. మొదటిసారి వెళ్లేవాళ్లకు దరఖాస్తులు తీసుకునే ప్రింట్ ప్రదర్శనలు మేలని నా అభిప్రాయం. కాగితం చుట్టి పంపేయొచ్చు.

2. బొమ్మల ఫొటోలు పగటి వెలుతురులో తీయించండి. వాటి గురించి అర పేజీ రాయండి. గోదావరి, కొబ్బరి తోటలు, సంస్కృతి అంటూ ఊదరగొట్టొద్దు. ఏం వేశారో, దేనితో వేశారో చెబితే చాలు.

3. ఆహ్వానం అందిన రోజే శాఖాధిపతి ద్వారా అనుమతికి ఫైలు పెట్టండి. అది ఎంత తాపీగా కదులుతుందో మీకు చెప్పక్కర్లేదు. రవాణా, బీమా ఖర్చు ఎవరిదో నిర్వాహకుల దగ్గర రాతపూర్వకంగా తీసుకోండి.

4. అసలు తంటా ప్యాకింగ్‌తోనే. మనది సముద్రపు గాలి. వానాకాలంలో కాగితం మెత్తబడుతుంది, కాన్వాసు వెనక బూజు పడుతుంది. రంగు బాగా ఆరాక, పొడి రోజు చూసి కట్టండి. రంగు మీద నేరుగా ప్లాస్టిక్ వేయొద్దు, అంటుకుపోతుంది. ముందు గ్లాసైన్ కాగితం, దానిపైన బబుల్ షీటు, మూలలకు ఫోమ్, లోపల సిలికా జెల్ పొట్లాలు. నరసాపురం వడ్రంగి పచ్చి కర్రతో చేసిన పెట్టె ఎంత గట్టిగా ఉన్నా విదేశీ రేవులో ఆపేస్తారు. పురుగు రాకుండా కర్ర లోపలి దాకా 56 డిగ్రీల వేడి 30 నిమిషాలు పట్టించి, గోధుమ కంకి గుర్తున్న ముద్ర వేయించాలి. పూర్తిగా ప్లైవుడ్‌తో చేయిస్తే ఈ బాధ లేదు. మేకులు కాకుండా స్క్రూలు బిగించండి, కస్టమ్స్ వాళ్లు విప్పి మళ్లీ మూయాలి కదా. కొచ్చికైతే ముద్రా అక్కర్లేదు, కస్టమ్సూ ఉండదు.

5. విదేశం వెళ్లి తిరిగి వచ్చే బొమ్మలకు ఫిక్కీ ఇచ్చే ఏటీఏ కార్నెట్ అనే కస్టమ్స్ పత్రం తీసుకోండి. అది ఏడాది లోపే చెల్లుతుంది. అక్కడ అమ్మాలనుకుంటే మాత్రం పనికిరాదు. మీ కళాఖండంలో ముత్తమ్మమ్మ కాలం నాటి లేసు గుడ్డో, పాత తలుపు చెక్కో కలిపారా? నూరేళ్లు దాటిన పురావస్తువును సొంతంగా దేశం దాటించడం చట్టవిరుద్ధం. అంత పాతది కాదని పురావస్తు శాఖ దగ్గర ధ్రువపత్రం తెచ్చుకోండి.

6. పెట్టె మూసే ముందు ప్రతి బొమ్మనూ ముందూ వెనకా ఫొటో తీయండి. ఖాళీ పెట్టెను పారేయొద్దని నిర్వాహకులకు రాయండి, తిరుగు ప్రయాణానికీ అదే కావాలి.