ఎలుక జ్వరం అంటాం కానీ, మన ఆవు సంగతేంటి?

పోయిన వీడియోలో జీవామృతం కోసం ఉత్త చేతులతోనే ఆవు మూత్రం పట్టి చూపించాను. అప్పుడు నా వేలికి కొడవలి గాటు ఉంది. అలా చూపించడం నా తప్పు. ఎందుకో చెప్తాను.

1988లో ఉత్తర అండమాన్‌లోని దిగ్లీపూర్ ప్రాంతంలో ఒక జ్వరం వచ్చింది. ఒళ్ళు నొప్పులు, దగ్గితే నెత్తురు. కొందరు చనిపోయారు కూడా. అదేమిటో తెలియక అండమాన్ రక్తస్రావ జ్వరం అని పేరు పెట్టారు. వానలు తగ్గే అక్టోబరు, నవంబరులో మళ్ళీ మళ్ళీ వచ్చేది. చివరికి 1993లో అక్కడి కేసులను పరీక్షిస్తే అది లెప్టోస్పైరోసిస్ అని తేలింది. మనం ఎలుక జ్వరం అనేది దాన్నే.

ఈ పేరు వల్లే మనం మోసపోతున్నాం. ఎలుక ఒక్కటే కాదండీ, ఆవు, గేదె, మేక, పంది, కుక్క మూత్రపిండాల్లో కూడా ఈ బాక్టీరియా కాపురం ఉంటుంది. అండమాన్‌లో పశువుల రక్తం పరీక్షిస్తే చాలావాటిలో దీని ప్రతిరక్షకాలు కనిపించాయి. అంటే ఆ పశువుకి ఎప్పుడో ఒకప్పుడు క్రిమి సోకింది అని అర్థం, ఇప్పుడు జబ్బుగా ఉందని కాదు. అసలు చిక్కు అక్కడే ఉంది. చక్కగా మేత మేస్తూ పాలిస్తున్న ఆవు కూడా నెలల తరబడి మూత్రంలో క్రిమిని వదలొచ్చు.

మరి దీవుల్లోనే ఎందుకంత ఎక్కువ? అక్కడ ఏడాదికి దాదాపు 3000 మిల్లీమీటర్ల వాన, మే నుంచి డిసెంబరు దాకా. నేల ఆరదు. ఈ క్రిమి ఎండకి, పొడికి చస్తుంది, తడి బురదలో వారాలు బతుకుతుంది. నానిన కాళ్ళ నుంచి, చిన్న గాటు నుంచి, కంట్లో పడ్డ తుంపర నుంచి లోపలికి పోతుంది. మన డెల్టా వరిచేలల్లో వానాకాలం తడి మాత్రం తక్కువా?

ఆవు నెలలు నిండకుండా ఈసుకుపోయినా, ఉన్నట్టుండి పాలు తగ్గి పొదుగు మెత్తబడినా, దూడ ఎర్రగా మూత్రం పోసినా పశువుల డాక్టరుని పిలవండి. ఈసుకుపోవడానికి బ్రూసెల్లా లాంటి వేరే కారణాలూ ఉంటాయి, రక్తపరీక్ష చేయిస్తేనే తెలుస్తుంది. తేలేదాకా ఆ ఆవు మూత్రం పట్టొద్దు, మాయని ఉత్త చేత్తో తియ్యొద్దు.

నేను ఇప్పుడు రబ్బరు గ్లౌజులు, గంబూట్లు లేకుండా కొట్టంలోకి పోవట్లేదు. దాణా డ్రమ్ముకి మూత పెట్టాను. మూత్రం కాలువ చెరువు వైపు పోయేది, దాన్ని మళ్ళించాను. మా ఆవిడ నవ్వింది, నవ్వనీ.

జ్వరం వస్తే మాత్రం డాక్టరుకి "పశువులున్నాయి, బురదలో పనిచేశాను" అని ముందే చెప్పండి. మొదట్లోనే పట్టుకుంటే మామూలు యాంటీబయాటిక్‌తో తగ్గుతుంది. కషాయాలతో వారం గడిపేయకండి, ప్రకృతి సేద్యం చేసేవాడిగానే ఈ మాట చెప్తున్నాను.

కొట్టంలో కాలువకి వాలు ఎలా పెట్టానో పై వీడియో చివర్లో చూడండి.