ఆయువునకు తోడు

తిరువళ్ళూరులో భక్తులు వైద్య వీరరాఘవస్వామిని కొలిచి, హృత్తాపనాశిని కోనేటిలో బెల్లము వేసి రోగనివృత్తి కోరుదురు. తిరుత్తణిలో 365 మెట్లెక్కి ఆయురారోగ్యములు వేడుదురు. అకాలమరణమును దూరము చేయు సాధనములు కొన్ని మన చేతిలోను కలవు.

అమెరికాలోని అలమీడా జిల్లాలో 1965లో సుమారు 7,000 మంది పెద్దల జీవనవిధానమును నమోదు చేసి, తొమ్మిదేండ్లు గమనించిరి. పొగ త్రాగక, చాలినంత నిద్రించి, వ్యాయామము చేయువారు ఎక్కువకాలము జీవించిరి. 1979లో వెలువడిన ఫలితము మరింత ఆలోచింపదగినది. బంధుమిత్రుల తోడు కొఱవడినవారిలో మరణములు, తోడు మెండుగా గలవారికంటె రెండింతలకు మించెను. అలవాట్లను లెక్కకు తెచ్చినను ఆ భేదము తొలగలేదు.

మన యిండ్లలో తెలుగు మాత్రమే తెలిసిన అవ్వతాతలు కలరు. మనము తెలుగు మఱచితిమేని వారితో మాటలాడువారెవరు? నేటి సాయంకాలమే వారి చెంత కూర్చుండుడు.