తలలో పేలు పడితే: ఇంట్లో ఏం చేయాలి, జీతం దగ్గర ఏం తెలుసుకోవాలి

వాటర్లూలో ఒక ఇంట్లో పిల్లల్ని చూసుకునే మన చెల్లెలు ఒకామె ఈ మధ్య మాకు ఫోన్ చేసింది. ఆ ఇంటి పాప తలలో పేలు కనిపించాయట. "నువ్వే తెచ్చావు, వారం రావద్దు, మందు ఖర్చు నీ జీతంలో పట్టుకుంటాం" అన్నారట. ఆమె తల మాత్రం ఎవరూ చూడలేదు. అందుకే ఈసారి ఈ పాఠం.

ముందు సిగ్గు వదలండి

పేలు మురికి వల్ల రావు. రోజూ తలస్నానం చేసేవాళ్ళకీ వస్తాయి. అవి ఎగరవు, దూకవు. తలకి తల తగిలితే పాకుతాయి. పిల్లల్ని ఒళ్ళో పడుకోబెట్టుకునే అక్కలకీ, ఒకే గదిలో పక్కపక్కన పడుకునే సైట్ అన్నలకీ అందుకే తొందరగా అంటుకుంటాయి. పేలున్నా పిల్లల్ని బడి మాన్పించక్కర్లేదని కెనడా పీడియాట్రిక్ సొసైటీ చెబుతోంది.

ఎలా చూడాలి

జుట్టు తడిపి కండిషనర్ బాగా పట్టించండి. చిక్కు తీసి, మంచి వెలుతురులో పేల దువ్వెనతో కుదుళ్ళ నుంచి చివరిదాకా పాయలు పాయలుగా దువ్వండి. ప్రతిసారీ దువ్వెన తెల్ల టిష్యూ మీద తుడిచి చూడండి. చెవుల వెనక, మెడ పైభాగం వదలొద్దు. చుండ్రు విదిలిస్తే రాలుతుంది, ఈపి వెంట్రుకని వదలదు. బతికున్న పేను కనిపిస్తేనే మందు వాడాలి. గదిలో ఉండే అందరి తలలూ ఒకే రోజు చూడండి.

మందు రెండుసార్లు

నిక్స్, ఆర్ అండ్ సి, నైడా లాంటివి ఫార్మసీలో డాక్టర్ చీటీ లేకుండానే దొరుకుతాయి. నిక్స్ అయితే మామూలు షాంపూతో కడిగి, తువ్వాలుతో తుడిచి, 10 నిమిషాలు ఉంచి కడగాలి. దానికి ముందు కండిషనర్ వాడితే మందు సరిగ్గా పనిచేయదు. మందుకి ఈపులన్నీ చావవు, కొన్ని రోజుల్లో పిల్ల పేలు బయటికొస్తాయి. అందుకే 9వ రోజు మళ్ళీ పెట్టాలి. చాలామంది ఇక్కడే తప్పుతారు. మిగతా మందులకి డబ్బా మీద ఉన్నట్టే చేయండి. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, రెండేళ్ళలోపు పిల్లలు, చేమంతి పూలు పడనివాళ్ళు ముందు ఫార్మసిస్టుని అడగండి.

మందు కొనలేకపోతే, కండిషనర్ పెట్టి తడి దువ్వడం మూడు నాలుగు రోజులకోసారి, కనీసం రెండు వారాలు చేయండి.

కిరోసిన్, పెట్రోల్ అసలు వద్దు. మన ఊళ్ళో రాసే సీతాఫలం గింజల పొడీ వద్దు, కంట్లో పడితే కన్ను పాడవుతుంది. దిండు గలీబులు, దుప్పట్లు, టోపీలు వేడినీళ్ళలో ఉతికి డ్రైయర్‌లో వేడి మీద ఆరబెట్టండి. ఇల్లంతా మందు కొట్టక్కర్లేదు. తల వదిలిన పేను రెండు మూడు రోజులకి మించి బతకదు.

పని, జీతం

ఒంటారియో ఉపాధి చట్టం మీ వీసా ఏదైనా మీకు వర్తిస్తుంది.

• మీరు రాసి ఒప్పుకోకుండా మందు ఖర్చు జీతంలో కోయకూడదు. అర్థం కాని కాగితం మీద సంతకం పెట్టకండి.

• రెండు వారాలు పనిచేసినవాళ్ళకి కుటుంబ బాధ్యతల సెలవు ఏడాదికి 3 రోజులు ఉంటుంది, జీతం ఉండదు. బడి నుంచి అనుకోకుండా పిలుపొచ్చి, బిడ్డని చూసేవాళ్ళు లేకపోతే అడగండి.

• హక్కు అడిగినందుకు బెదిరించడం, పనిలోంచి తీసేయడం చట్టవిరుద్ధం.

• "రావద్దు" అన్న తేదీ, అన్న మాట రాసి పెట్టుకోండి. మెసేజ్‌లు చెరపకండి.

కార్మిక శాఖ సమాచార కేంద్రం: 1-800-531-5551. ఆరోగ్య సందేహాలకి 811.

ఆ చెల్లెలి తల మేము తడి దువ్వెనతో చూశాం. ఒక్క పేనూ లేదు. ఉన్నా చట్టం మారేది కాదు. ఆ మాటే మెసేజ్ రాసి పంపింది. మందు ఖర్చు కోయలేదు. పోయిన వారం జీతం మాత్రం ఇంకా అడుగుతూనే ఉంది. మీకూ ఇలా అయితే సిగ్గుపడి దాచుకోకండి, మొదటిరోజే మాకు చెప్పండి.