చోలోన్‌లోని అమ్మవారి గుడి: ఒక వలస సమాజపు కథ

దేవాలయాన్ని గురించి చెప్పమంటే మనం ముందుగా గర్భగుడి దగ్గరికే వెళ్తాం. మూలవిరాట్టు ఎవరు, కట్టించిన రాజెవరు, శాసనం ఏమంటోంది? ఇదీ మన వరస. కాని దక్షిణ వియత్నాంలో చైనీయులు కట్టుకున్న ఒక గుడిని ఈ కొలతతో కొలవబోతే సగం కథే చేతికొస్తుంది. దాన్ని ఏ రాజూ కట్టించలేదు. సముద్రం దాటి వచ్చిన పరదేశులు తమలో తాము కలిసి కట్టుకున్నారు. అందుకే చరిత్ర విద్యార్థిగా నాకు ఆ గుడి మీద ఇంత ఆసక్తి.

1976లో హో చి మిన్ నగరంగా పేరు మారిన సైగాన్‌లో చోలోన్ అనే ప్రాంతం ఉంది. చోలోన్ అంటే ‘పెద్ద బజారు’. అక్కడ 1760 ప్రాంతంలో కాంటన్ చైనీయులు నిర్మించినదే తియెన్ హౌ ఆలయం. స్థానికులు ‘చువా బా’ అంటారు. తెలుగులో చెప్పుకోవాలంటే ‘అమ్మవారి గుడి’ అన్నమాట! దీనికి ఇంకో పేరు కూడా ఉంది: ‘తుయె థాన్ హోయి క్వాన్’. తుయె థాన్ అనేది కాంటన్ నగరానికి పాత పేరు. హోయి క్వాన్ అంటే సభాభవనం. ఒకే కట్టడానికి గుడి అనీ, సభాభవనం అనీ రెండు పేర్లుండటంలోనే దాని చరిత్రంతా ఇమిడి ఉంది.

ఈ చైనీయులు అక్కడికెలా చేరారు? చైనాలో మింగ్ వంశం కూలి మంచూలు గద్దెనెక్కాక, 1679లో మింగ్ పక్షపు సైనికులు సుమారు 3000 మంది 50 ఓడలలో వియత్నాం తీరానికి వచ్చి శరణు కోరారు. అక్కడి ప్రభువులు వారిని దక్షిణాదిన బియెన్ హోవా, మీ థో ప్రాంతాలకు పంపారు. వారి వెనకే వర్తకులూ, చేతిపనివారూ వచ్చారు. అయితే పరదేశంలో బతుకు పూలబాట కాదు గదా! 1776లో తాయ్ సోన్ తిరుగుబాటు సేనలు బియెన్ హోవా దగ్గరి వర్తక కేంద్రాన్ని ధ్వంసం చేయగా మిగిలినవారు చోలోన్‌కు తరలిపోయారు. 1782లో అక్కడ కూడా ఆ సేనల చేతిలో వేలాది చైనీయులు హతులయ్యారు. ఇంతటి రక్తపాతం తర్వాత కూడా ఆ సమాజం నిలిచింది. 1800, 1842, 1882 సంవత్సరాల్లో, ఆ తర్వాత కూడా ఈ గుడిని బాగుచేసుకుంటూ, పెంచుకుంటూ వచ్చింది.

ఇక అమ్మవారి సంగతి. ‘తియెన్ హౌ’ అంటే స్వర్గపు రాణి. చైనాలో ఈమెను ‘మాజు’ అంటారు. ఫూజియన్ తీరంలోని మెయ్‌జౌ దీవిలో క్రీ. శ. 960లో పుట్టిన లిన్ మో అనే పడుచు, తుఫానులో చిక్కిన తన వారిని ధ్యానబలంతో కాపాడిందని ఐతిహ్యం. నావికుల ఇలవేల్పు అయింది. చాంద్రమానం ప్రకారం మూడో నెల 23వ రోజున ఆమె పుట్టినరోజు పండుగ. ఓడ దిగినవాడు ముందుగా చేతులు జోడించేది తనను ఒడ్డు చేర్చిన తల్లికే గదా!

వాస్తు విషయానికి వద్దాం. వీధి వాకిలి నుంచి వరసగా ముందు, నడిమి, వెనక మూడు మండపాలు. వాటి మధ్య పైకప్పు లేని ఖాళీ స్థలం ఉంటుంది. దాన్ని వాళ్ళు ‘ఆకాశపు బావి’ అంటారు. మన కోస్తా జిల్లాల మండువా లోగిలి చూసినవారికి వేరే బొమ్మ గీసి చూపనక్కర్లేదు. వెలుగు, గాలి, వాన అన్నీ అందులోంచే లోపలికి దిగుతాయి. అగరు పొగ అందులోంచే పైకి పోతుంది. పైనుంచి శంఖువు ఆకారంలో వేలాడే అగరు చుట్టలు రోజుల తరబడి కాలుతూ ఉంటాయి. మొక్కుకున్నవారి పేర్లు రాసిన కాగితాలు వాటికి కట్టి ఉంటాయి. చిట్టచివర పీఠం మీద, ఒకదాని ముందొకటిగా, అమ్మవారి మూడు విగ్రహాలు.

అన్నిటికన్నా విశేషం పైకప్పు. కప్పు కొనల మీదా, గోడల మీదా వందలకొద్దీ రంగురంగుల పింగాణీ బొమ్మలు. ‘మూడు రాజ్యాల’ గాథలోని గుర్రపు పోరు, నాటకమాడే నటులు, జంతువులు, పరదేశపు నావికులు అందులో కనిపిస్తారు. ఇవి చైనా నుంచి దిగుమతి అయినవనుకుంటే పొరపాటే. 1908లో చోలోన్ లోనే బువు న్గుయెన్, డోంగ్ హోవా అనే రెండు బట్టీల్లో కాల్చినవి. కథలు పాత ఊరివి, మట్టి కొత్త ఊరిది! వలస వచ్చినవారు వేళ్ళూనుకున్నారనడానికి ఇంతకంటే సాక్ష్యమేం కావాలి?

ఈ గుడి సభాభవనం ఎలా అయిందో కూడా చూడాలి. అక్కడి చైనీయులు మాట్లాడే యాసలను బట్టి కాంటనీయులు, ఫూజియనీయులు, తియోచూలు, హైనానీయులు, హక్కాలు అని అయిదు ‘బాంగ్’లుగా ఏర్పడ్డారు. న్గుయెన్ రాజులైనా, తర్వాత ఫ్రెంచివారైనా పన్నుల వసూలుకు బాంగ్ పెద్దనే పట్టుకునేవారు. ప్రతిఫలంగా బాంగులు తమవారికి బడులు, ఆస్పత్రులు, శ్మశానాలు నడిపాయి. కొత్తగా వచ్చినవాడికి పూచీ పడేదీ, చచ్చినవాడికి కర్మ జరిపేదీ ఈ సంఘమే. అది కొలువు తీరే చోటు గుడి. దేవత ఎదుట ఇచ్చిన మాటకు విలువెక్కువ గదా!

ఇరవయ్యో శతాబ్దంలో మళ్ళీ గడ్డురోజులు దాపురించాయి. 1956లో దక్షిణ వియత్నాం ప్రభుత్వం పదకొండు రకాల వృత్తి వ్యాపారాలను విదేశీయులకు నిషేధించింది. 1978 మార్చిలో సమైక్య వియత్నాం ప్రభుత్వం ప్రైవేటు వర్తకాన్ని రద్దు చేసింది. 1979లో చైనాతో యుద్ధం వచ్చింది. ఆ కాలంలో లక్షలాది మంది దేశం విడిచారు. చాలామంది చిన్న పడవల్లో సముద్రం మీద పడ్డారు, ఎందరో మునిగిపోయారు. బతికి బయటపడినవారిలో, వియత్నాం దక్షిణ కొసనున్న కా మావు ప్రాంతం వారు కొందరు అమెరికాలోని లాస్ ఏంజిలిస్ చేరి, అక్కడి చైనాటౌన్‌లో సంఘం పెట్టుకున్నారు. ఒకప్పటి చర్చి భవనంలో తియెన్ హౌ అమ్మవారినే ప్రతిష్ఠించుకున్నారు. 2000ల దశకంలో కొత్త గుడి కూడా కట్టారు. చోలోన్ గుడికేమో 1993లో జాతీయ స్మారక కట్టడంగా గుర్తింపు లభించింది.

శిల్పం, కప్పు, రంగు వీటిని బట్టి కట్టడాలను వర్గీకరించడం మన పాఠ్యపుస్తకాల్లో నేర్చుకున్నాం. అది అవసరమే. కాని ఈ గుడిని చదివాక నాకు ఇంకో ప్రశ్న కూడా వేయాలనిపిస్తోంది: ఈ కప్పు కిందికి చేరినవారు ఒకరికొకరు ఏం చేసుకున్నారు? ఈ సంచిక చదువుతున్న మిత్రులు మీ ఊరి సత్రాన్నో, రామమందిరాన్నో ఒకసారి ఇదే ప్రశ్నతో పరికించి చూడండి. గోడల మీద చెక్కిన దాతల పేర్లలో మీ ఊరి చరిత్ర కొంతైనా బయటపడుతుంది.