పెన్షనర్ మిత్రులకు నాలుగు ముక్కలు

1. మన వివరాలు ఎప్పుడో బయటపడ్డాయనే లెక్కలో ఉండండి. నవంబరు వచ్చిందంటే చాలు, ఫోను మోగుతుంది. పేరు, పీపీఓ నంబరు, రిటైరైన తేదీ గడగడా చదివేసి, "సార్, మీ లైఫ్ సర్టిఫికెట్ ఇక్కణ్ణుంచే అప్‌డేట్ చేసేస్తాం, ఓటీపీ చెప్పండి" అంటాడు. ఇన్ని తెలిసినవాడు ఆఫీసువాడే అయ్యుంటాడని మనం నమ్మేస్తాం. వాడికి మనం తెలిస్తే సరిపోదు, వాడెవరో మనకు తెలియాలి. డిజిటల్ లైఫ్ సర్టిఫికెట్ జీవన్ ప్రమాణ్‌కి వేలిముద్రో, కంటిపాపో, ముఖమో చూపించాలి. ఎవడికో ఫోన్లో ఆరంకెలు చెబితే మనం బతికున్నట్టు రుజువు కాదు.

2. ఓటీపీ చెప్పకపోతే చాలనుకునేవాళ్లకి ఇది. బ్యాంక్ మిత్ర దగ్గర ఆధార్‌తో డబ్బు తీయడానికి ఓటీపీతో పనే లేదు. ఆధార్ నంబరు, బ్యాంకు పేరు, వేలిముద్ర ఉంటే సరి. ముద్ర దొంగకెలా దొరుకుతుందంటారా? స్థలం కొన్నప్పుడు దస్తావేజు మీద వేసి వచ్చాం కదా! 2018లో పెద్దపల్లి జిల్లాలో ఒక సిమ్‌ల వ్యాపారిని పోలీసులు పట్టుకున్నారు. రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్ నుంచి దస్తావేజులు దించుకుని, వాటి మీది వేలిముద్రలకు నకళ్లు తయారుచేసి, ఊరూపేరూ తెలియనివాళ్ల మీద సిమ్‌లు యాక్టివేట్ చేశాడని అభియోగం. తర్వాత దొంగలు అదే దారిన బ్యాంకు ఖాతాల మీదా పడ్డారు.

విరుగుడు మన చేతిలోనే ఉంది. ఎంఆధార్ యాప్‌లో బయోమెట్రిక్ లాక్ వేసుకోండి, పైసా ఖర్చు లేదు. రేషన్ షాపులో వేలు పెట్టాల్సిన రోజున మాత్రం మీ వంతు దగ్గరపడ్డాకే లాక్ తీయండి, తాత్కాలికంగా తీసిన లాక్ కొద్ది నిమిషాలకే మళ్లీ పడిపోతుంది. క్యూలో నిలబడి యాప్ తెరిచి పాస్‌వర్డ్ గుర్తుచేసుకోవడం మన వయసుకి అయ్యే పని కాదు, అందుకని దాన్ని ఇంటి దగ్గరే గుర్తుచేసుకుని బయల్దేరండి.

3. ఆధార్ జిరాక్సు ఎవరికిచ్చినా, అక్షరాల మీంచే అడ్డంగా "ఫలానా పనికి మాత్రమే" అని రాసి తేదీ వేయండి. చివరి 4 అంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ చెల్లేచోట అదే ఇవ్వండి. సరిగ్గా రాని కాపీని షాపువాడి బుట్టలో వదలొద్దు, చించి జేబులో వేసుకోండి. ప్రింటు కోసం వాట్సాప్‌లో పంపితే మీ ఎదుటే డిలీట్ చేయించండి. విసుక్కుంటాడు. విసుక్కోనివ్వండి.

4. మీ పేరు మీద ఎన్ని సిమ్‌లున్నాయో టెలికాం శాఖ పోర్టల్ సంచార్ సాథీలో చూడండి. మీది కానిది కనిపిస్తే అక్కడే ఫిర్యాదు చేయొచ్చు. మనవడు ఉన్నాడుగా, ఐదు నిమిషాల పని.

5. పోలీసులమంటూ వీడియో కాల్లో బెదిరించే డిజిటల్ అరెస్టు అనేది ఏ చట్టంలోనూ లేదు. వీడియోలో ఖాకీ కనిపించినా సరే, ఫోన్ పెట్టేయండి. వాట్సాప్‌లో శుభలేఖ అని వచ్చిన ఫైలు పేరు చివర ఏపీకే అని ఉంటే అది శుభలేఖ కాదు, యాప్. దాన్ని ముట్టుకోవద్దు. పెళ్లివాళ్లకి ఫోన్ చేసి ముహూర్తం కనుక్కోండి.

6. డబ్బు పోయిందా? పిల్లలు తిడతారని దాచొద్దు. బ్యాంకు కౌంటర్ వెనక నుంచి నేను చూసినంతలో, ఎక్కువ నష్టం ఈ మొహమాటం వల్లే జరిగింది. దొంగ ఆ డబ్బును ఖాతాలు మార్చేలోపే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ కొట్టాలి. తప్పు మీదీ బ్యాంకుదీ కాకపోతే, లావాదేవీ గురించి బ్యాంకు నుంచి సమాచారం అందిన 3 పనిదినాల్లో బ్యాంకుకి చెబితే నష్టం మీ మీద పడకూడదని రిజర్వు బ్యాంకు 2017 జూలైలోనే చెప్పింది. ఓటీపీ మీరే చెప్పి ఉంటే, ఫిర్యాదు అందేదాకా పోయింది మీ నష్టమే. ఆ తర్వాత పోయేది మాత్రం బ్యాంకు భరించాలి. అందుకే ఫిర్యాదు కాగితం మీద రాసివ్వండి. నకలు మీద ముద్ర, తేదీతో పాటు టైము కూడా వేయించుకోండి.